హంగరీలో కూతురి వాటా

అక్క పెద్దకర్మ అయిన మర్నాడు నందిగామలో వాళ్ల అద్దె ఇంటి వరండాలో కూర్చుని ఉంటే, మేనకోడలు హారిక కాఫీ గ్లాసు నా చేతికిచ్చి ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. బంధువులంతా పొద్దున్నే వెళ్లిపోయారు. బావగారు లోపల పడుకున్నారు. ఆ పిల్ల కాసేపు వీధివైపు చూసి, "మామయ్యా, ఒకటడుగుతా ఏమనుకోకండి. ఏదో దేశంలో ఆడమనిషికి రాణి అనకుండా రాజు అనే పట్టం కట్టారని అమ్మ చెప్పేది. మీరే చదివి చెప్పారంది. నిజమేనా, అమ్మ కల్పించిందా?" అంది. నిజమే, ఆ దేశం హంగరీ అన్నాను. "మరి ఆ తర్వాతది ఎప్పుడూ చెప్పలేదేంటి? మీ మామయ్యనడుగు, ఆయనకే తెలుసు అనేది." ఇంకోసారి చెప్తాలే అని లేచి బస్టాండుకి నడిచాను. ఆ తర్వాతది ఇక్కడ రాస్తున్నాను. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగింది. జగ్గయ్యపేటలో మాది ఎండుమిర్చి, బెల్లం, చింతపండు టోకున అమ్మే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో గోతాల గది. ఆ గది దాటకుండా ఇంట్లోకి ఎవరూ రాలేరు, తుమ్మకుండా ఆ గది దాటలేరు. మా బట్టలకీ దుప్పట్లకీ చివరికి దేవుడి మందిరంలో పటాలకీ మిర్చి ఘాటు పట్టి ఉండేది. వానాకాలంలో దానికి తడిసిన గోనె వాసన తోడయ్యేది. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక నేను శాఖా గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. కిందగదిలో కర్రలకు బిగించిన పేపర్ల చుట్టూ జనం ఉండేవాళ్లు. నాకు కావలసింది గోడవారనున్న ఇనప బీరువా. నందిగామ కోర్టులో పనిచేసి కాలం చేసిన ఒక ప్లీడరుగారి పుస్తకాలు వాళ్ల వాళ్లు ఇచ్చేస్తే అందులో పెట్టి తాళం వేశారు. అన్నీ ఇంగ్లీషువే. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ ఇవ్వలేదు. నేను అడిగితే లైబ్రేరియన్‌గారు తాళంచెవి వెతకడానికి రెండు రోజులు తీసుకున్నారు.

అందులో దొరికింది హంగరీ దేశపు న్యాయ చరిత్ర. అట్ట ఊడిపోయింది, మొదటి పాతిక పేజీలు చెదలు తినేశాయి. ఒక పేజీ చదవడానికి నిఘంటువుతో రెండు మధ్యాహ్నాలు పట్టేది. అర్థాలు చింతపండు పొట్లాల కాగితాల వెనక రాసుకునేవాణ్ణి. ఆ పేర్లు ఎలా పలకాలో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. తెలిసిందేమిటంటే, మన ఓరుగల్లును కాకతీయులు ఏలుతున్న రోజుల్లోనే అక్కడొక రాజు బంగారు ముద్ర వేసి తన ప్రభువులకు పత్రం రాసిచ్చాడు. నేను గానీ నా తర్వాతివాళ్లు గానీ ఈ మాట తప్పితే మీరు ఎదిరించవచ్చు, అది రాజద్రోహం కాదు అని అందులో రాశాడు. ఇంగ్లండు రాజు అలాంటి పత్రమే రాసిచ్చి అప్పటికి ఏడేళ్లే అయింది. ఇంగ్లండు సంగతి బడి పుస్తకాల్లో ఉంది, హంగరీ సంగతి లేదు. మా పేటలో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని ఎంత పొంగిపోయేవాణ్ణో చెప్పలేను. మిర్చి కొనడానికి చిల్లకల్లు నుంచి వచ్చినవాళ్లకి కూడా చెప్పేవాణ్ణి. వాళ్లు విని, "అయితే ఆ రాజుగారి పత్రం సంగతి సరేగానీ తాలుకాయలు ఏరించారా లేదా" అనేవాళ్లు.

ఇంట్లో ఈ గొడవంతా విన్నది సుగుణక్క ఒక్కతే. నాకన్నా మూడేళ్లు పెద్ద. నందిగామలో ప్రైవేటు స్కూలు మాస్టారికిచ్చారు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా పెరట్లో పీటేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తూ, "ఏరా, మీ హంగరీలో ఏంటి విశేషాలు?" అనేది. పక్కింటివాళ్ల కబుర్లు అడిగినట్టే అడిగేది. ఆ బంగారు ముద్ర పత్రానికి అయిదొందల ఏళ్ల తర్వాత హంగరీని ఏలిన చక్రవర్తికి కొడుకులు లేకపోవడం, నా తర్వాత నా కూతురే అని బతికుండగానే యూరపు రాజులందరి చేతా ఒప్పించుకోవడం, ఆయన కన్నుమూయగానే వాళ్లలో చాలామంది మాట తప్పి ఆ పిల్ల రాజ్యం మీద పడటం చెప్పాను. చంటిబిడ్డను చంకనేసుకుని ఆమె హంగరీ ప్రభువుల సభకు వెళ్లిందనీ, వాళ్లు కత్తులు దూసి మా రాజు కోసం ప్రాణాలిస్తాం అన్నారనీ చెప్పాను. వాళ్ల చట్టంలో పట్టం రాజుకే గనక ఆమెను రాజు అనే అన్నారు. మన ఓరుగల్లులోనూ కూతురికి మగపేరు పెట్టి సింహాసనం ఎక్కించారు కదా అంటే అక్క చేతిలో కాయ వదిలేసి విన్నది. ఆ రోజు బిడ్డ చంకలో లేడని, అది తర్వాత అల్లిన కథ అని చాలా ఏళ్లకు ఇంకో పుస్తకంలో చదివాను. అక్కకు ఆ సంగతి చెప్పలేదు.

"రాజుల పిల్లల సంగతి సరే. మామూలు ఆడపిల్లలకో?" అని అడిగింది ఒకరోజు.

"అన్నదమ్ములు లేకపోతే, ఈ పిల్లను కొడుకుగా ఎంచుతున్నాను అని రాజు కాగితం రాసిస్తాడు. అప్పుడు తాతల భూమి ఆమెదే."

"తమ్ముడుంటే?"

"నాలుగో వంతు. ఎంతమంది ఆడపిల్లలున్నా కలిపి అంతే. అదీ భూమిగా ఇవ్వరు."

"నీలాంటి తమ్ముడుంటే నష్టమేనన్నమాట," అని నవ్వింది. "మరి మన దగ్గర?"

అప్పుడైనా నేను నోరు మూసుకుని ఉండవలసింది. అదే బీరువాలో మన హిందూ వారసత్వ చట్టం పుస్తకమూ ఉంది. మన రాష్ట్రంలో దాన్ని సవరించిన సంగతి చదివి ఉన్నాను. ఆ సవరణ వచ్చేనాటికి పెళ్లికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో మగపిల్లలతో సమానంగా వాటా ఉంది. "నీ పెళ్లి చట్టం వచ్చాక అయింది కదక్కా. నీకూ నాకూ సమానం," అన్నాను. నాకు తెలిసింది చూపించుకోవాలన్న సంబరం తప్ప ఆ మాట ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు. అక్క మళ్లీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

మా ఇంటికి పెద్ద మా పెదనాన్న. ఆయన ఎవరిమీదా చెయ్యెత్తడం నేను చూడలేదు, గొంతు పెంచడమూ వినలేదు. లవంగం బుగ్గన పెట్టుకుని, తెల్లటి పరుపు మీద మోకాలు ముడుచుకుని, మిర్చి కాయను విరిచి వాసన చూసి ధర చెప్పేవాడు. ఇంట్లో మొదటి విస్తరి ఆయనది. ఆయన తిని లేచాక నాన్న, తర్వాత మేము, చివర్న ఆడవాళ్లు. కోపం వస్తే ఆయన చేసేది ఒక్కటే. పీట దగ్గరకు వచ్చి నిలబడి, "నాకు ఆకలిగా లేదమ్మా," అని నెమ్మదిగా చెప్పి కొట్లోకి వెళ్లిపోయేవాడు. అంతే, ఇంట్లో ఇంకెవరూ తినకూడదు. అలాగని ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. హంగరీలో ఒక ధర్మశాస్త్రం ఉండేది, దానిమీద రాజముద్ర ఎన్నడూ పడకపోయినా మూడొందల ఏళ్లు కోర్టులన్నీ దాని ప్రకారమే తీర్పు చెప్పాయి. అది చదివినప్పుడు నాకేమీ వింతగా అనిపించలేదు. మా వంటింట్లో మూతపెట్టిన గిన్నెలు, చల్లారుతున్న పప్పు మీద కట్టే పొర, పెద్దమ్మ ముఖం, చంటిపిల్లలకు దొంగచాటుగా పట్టే పాలు, అవన్నీ అలాంటి చట్టం కిందివే.

కొట్టూ పొలమూ పంచుకుందామని అన్నదమ్ములు అనుకున్నారు. పంచుకునే ముందు ఆడపిల్లలు ముగ్గురూ హక్కు విడుదల పత్రం రాయాలన్నాడు పెదనాన్న. మాలాంటి ఇళ్లలో అదొక పద్ధతి. ఆడపిల్లను పిలుస్తారు, తలంటి పోస్తారు, పసుపు కుంకుమ పెట్టి పట్టుచీర ఇస్తారు, మధ్యాహ్నం బొబ్బట్లతో భోజనం పెడతారు, ఆ తర్వాత రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళతారు. నా వాటా నాకు ముట్టింది, ఇకమీదట నాకుగానీ నా వారసులకుగానీ ఎలాంటి హక్కూ లేదు అని ఆ కాగితంలో ఉంటుంది. పెదనాన్న కూతుళ్లిద్దరూ చీరలు కట్టుకుని వెళ్లి సంతకాలు పెట్టేశారు. అక్క మాత్రం చీర మడత విప్పకుండా పీట మీద పెట్టి, "పెదనాన్నా, నందిగామలో తాతయ్య కొన్న ఖాళీ స్థలం ఉంది కదండి. అదొక్కటి నాకివ్వండి, రెండు గదులు వేసుకుంటాం. ఇంకేం అడగను. ముట్టనిది ముట్టిందని మాత్రం రాయలేను," అంది.

పెదనాన్న అక్కవైపు చూడలేదు. నావైపు చూశాడు. "చదువుకున్నవాళ్లు ఉండాలమ్మా ఇంట్లో," అన్నాడు. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారో ఆయనకు తెలిసిపోయింది.

అక్క సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. బస్సెక్కించడానికి వెళ్లినప్పుడు, "భయంగా ఉందిరా," అంది. "నేను నీ పక్కనుంటా," అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

మర్నాడు పెదనాన్నకు ఆకలి లేకుండా పోయింది. ఆ రోజంతా గోతాల గది దగ్గర్నుంచి పెరటి దాకా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. అడుగుల చప్పుడు కూడా రానివ్వలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పిలిచి నాలుగు తిడితే బాగుండునని ప్రతి నిమిషం అనుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం నాయనమ్మ పడిపోయింది. ఆవిడకు షుగరు, పూటపూటా మాత్ర. పెద్దకొడుకు తినకుండా తను ముద్ద ముట్టదు, మాత్ర మాత్రం వేసుకుంది. మంచం మీద పడుకోబెడితే ఒళ్లంతా చెమట, మాట ముద్దగా వస్తోంది. డాక్టరు కోసం నాన్న పరిగెత్తాడు. ఎదురింటి ఫోను నుంచి నేను నందిగామకు చేశాను. చేసి, "అక్కా, నాయనమ్మ..." అని ఆగిపోయాను.

అక్క వచ్చేసరికి నాయనమ్మ కొంచెం తేరుకుంది. అయినా నోరు గట్టిగా మూసుకునే ఉంది, పంచదార నీళ్లు పట్టిస్తే ఉమ్మేస్తోంది. అక్క లోపలికి వచ్చి ఆవిడ మొహం ఒకసారి చూసి, గోతాల గది మీదుగా కొట్లోకి నడిచింది. బేరానికొచ్చినవాళ్లు ఉండగా ఆడవాళ్లు ఆ గుమ్మం దాటడం మా ఇంట్లో లేదు. "పెదనాన్నా, లేచి అన్నం తినండి. సంతకం పెడతా," అంది. ఆయన చేతిలో మిర్చి కాయ కిందపెట్టి, చేతులు దులుపుకుని, "ఎవరమ్మా బలవంతం చేసింది?" అన్నాడు. లేచి వెళ్లి తిన్నాడు. తర్వాత మేమంతా తిన్నాం. నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను, ఆకలి అలా ఉంది. అక్క మాత్రం వడ్డించిన మనిషివైపు చూడకుండా తిన్నది.

రిజిస్ట్రారు ఆఫీసు నందిగామలో. దస్తావేజులు రాసే ఆయన రేకుల షెడ్డు కింద టైపు మిషను ముందు కూర్చున్నాడు. స్టాంపు కాగితాలు గాలికి ఎగరకుండా వాటిమీద గుండ్రాయి పెట్టాడు. పెదనాన్న, నాన్న బెంచీ మీద ఉన్నారు. అక్క నన్ను చింతచెట్టు పక్కకి పిలిచింది. "నాయనమ్మ బానే ఉంది కదరా ఇప్పుడు. లోపలికెళ్లాక ఆఫీసరు ఇష్టపూర్వకంగానేనా అని అడుగుతాడంట. కాదంటాను. నా స్థలం నాకు రాసిచ్చాక పెడతానంటాను. నువ్వొక్కడివి నా పక్కన నిలబడు చాలు. మాట్లాడక్కర్లా. నిలబడు." నేను సరేనని తలాడించాను. అంతలో షెడ్డులోంచి పెదనాన్న గొంతు వినిపించింది. ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. "ప్రసాదూ, సాక్షి సంతకం నువ్వు పెట్టునాన్నా."

లోపల ఆఫీసరు ముందు ఆమె పెట్టిన తర్వాత గదా సాక్షి పెట్టేది అని ఆ రాసే ఆయనకైనా తెలిసి ఉండాలి. "ముందు పెట్టేస్తే లోపల తొందరగా అయిపోద్ది," అని పెన్ను మూత తీసి ఇచ్చాడు. న్యాయశాస్త్రం బీరువా మొత్తం చదివినవాణ్ణి నేను. అది చెల్లదని ఆ షెడ్డులో నాకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. పెదనాన్న లవంగం బుగ్గ మార్చాడు. నేను సంతకం పెట్టాను. పేరు చివర అక్షరం కాగితం మీద గీతలాగా సాగింది. తలెత్తేసరికి అక్క చెట్టు దగ్గర్నుంచి వచ్చి నా వెనకే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. లోపల ఆఫీసరు తల ఎత్తకుండానే, "ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నావామ్మా?" అన్నాడు. "అవునండి," అంది. సంతకం పెట్టి, బొటనవేలు సిరాలో అద్ది ముద్ర వేసి, బయటికొచ్చి ఆ నలుపును జుట్టుకు తుడుచుకుంది.

బస్టాండు దాకా ఇద్దరం నడిచాం. ఏదో ఒకటి అనాలని, "క్షమించక్కా" అన్నాను. ఆమె కోపంగా లేదు. "ఒరేయ్, ఆ బంగారు ముద్ర పత్రం సంగతి చివరికేమైందన్నావు?" అంది. అది నేను ఇంతకుముందే చెప్పాను. హంగరీ నుంచి తురకసేనలను వెళ్లగొట్టిన చక్రవర్తి సభ పిలిచాడు. ఎదిరించే హక్కు ఇక మాకు అక్కర్లేదని ఆ సభలోనే ప్రభువులు ఒప్పుకున్నారు. నాలుగున్నర శతాబ్దాల హక్కును ఎవరూ లాక్కోలేదు, కూర్చున్నవాళ్లే వదిలేశారు, అలాంటి పిరికివాళ్లు ఇంకెక్కడా ఉండరు అని వెక్కిరించాను కూడా.

"పిరికివాళ్లన్నావు. అప్పుడు వాళ్ల ఇళ్లల్లో ఎవరు ఏ స్థితిలో ఉన్నారో నీ పుస్తకంలో రాశారా?" అంది. బస్సొచ్చింది, ఎక్కేసింది.

మర్నాడు ఆ పేజీ మళ్లీ తీశాను. రాశారు. నేనే గబగబా దాటేశాను. అదే సంవత్సరం ఎపర్యెష్ అనే పట్టణంలో చక్రవర్తి సేనాని ఒకడు న్యాయస్థానం అని పేరుపెట్టి, పట్టుకొచ్చినవాళ్లను చిత్రహింసలు పెట్టి తలలు తీయించాడు. అది జరిగిన కొద్ది నెలలకే సభ. సభలో కూర్చున్నవాళ్లలో ఎంతమంది తమ్ముళ్లో, బావలో ఆ ఊళ్లో ఉండి ఉంటారు. చిన్న అక్షరాల్లో పేజీ అడుగున ఉంది ఆ సంగతి. అప్పట్నుంచి నేను ఏ దేశపు చరిత్ర చదివినా సంతకాల దగ్గర ఆగుతాను. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ హంగరీయే మూడింట రెండొంతుల నేల వదులుకుంటూ సంతకం పెట్టవలసివచ్చినప్పుడు, పేరున్న నాయకులెవరూ ముందుకు రాక ఎవరినో ఇద్దర్ని పంపించారట. ఆ ఇద్దరూ ఇంటికెళ్లి ఏం తిన్నారో అని నాకు అనిపిస్తుంది.

నందిగామ స్థలం పంపకంలో మా నాన్న వాటాకు వచ్చింది, ఆయన తర్వాత నాకు. దేశమంతటా ఆడపిల్లకు సమాన హక్కు అని చట్టం మారిన రోజు పేపరు పట్టుకుని అక్క దగ్గరకు వెళ్లాను. అంతకుముందే రిజిస్టరైన కాగితాలకు అది వర్తించదని ఆమెకు నేను చెప్పకుండానే తెలుసు. "కాఫీ తాగి వెళ్లు," అంది. ఆ స్థలం నేనే రాసిచ్చేయవచ్చు. పెదనాన్న ఉన్నన్నాళ్లూ ఆయనంటే భయం అనుకున్నాను. ఆయన పోయారు. ఆ ఏడూ ఇవ్వలేదు, మరుసటి ఏడూ ఇవ్వలేదు. ఈ లోపల నా కొడుకులు ఎదిగారు, హైవే వెడల్పయింది, ఆ చుట్టుపక్కల ఇళ్లు లేచాయి. నన్ను ఆపింది భయం ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. భయం అనేది చాలా మర్యాదైన మాట. దాని వెనక ఏవేవో దాక్కోవచ్చు. అక్క ఆ స్థలానికి మూడు వీధుల అవతల అద్దెకుండి, ఆ ఇంట్లోనే పోయింది.

పోయిన వారం హారికను రిజిస్ట్రారు ఆఫీసుకు రమ్మన్నాను. ఇప్పుడక్కడ రేకుల షెడ్డు లేదు. కంప్యూటర్లో ఫొటో తీస్తారు, వేలు గాజుపలక మీద పెడితే చాలు, సిరా అంటదు. దానపత్రం రాసిన కుర్రాడు, "ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను అని పెట్టానండి, అందరికీ అదే పెడతాం," అన్నాడు. ఇంకేదైనా రాయవచ్చా అని అడిగాను. "ఏం రాయాలండి?" అన్నాడు. అదే ఉంచమన్నాను. హారిక కాగితం చదివి, రెండోసారి చదివి, "అత్తయ్యకీ బావలకీ చెప్పారా మామయ్యా? వాళ్లు ఒప్పుకున్నారా?" అంది.

"ముందు నువ్వు వేలు పెట్టమ్మా," అన్నాను.

పెట్టింది. నేనూ పెట్టాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.